ఓపిక

మా ఊరు బాపులపాడు అంటే చాలామందికి తెలియదు. హనుమాన్ జంక్షన్ అంటే మాత్రం విజయవాడ నుంచి ఏలూరు వైపు ఒక్కసారైనా బస్సులో వెళ్ళినవారందరికీ తెలుస్తుంది. ఆ జంక్షను మా ఊరిదే. ఇంకొక విడ్డూరమేమిటంటే, నూజివీడు రైల్వే స్టేషను నూజివీడులో లేదు, మా దగ్గర ఉంది. ఆ పేరు చూసి దిగిన కొత్తవారు మళ్ళీ బస్సెక్కి వెళ్ళవలసిందే. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళిపోయింది, మేము కృష్ణాలో ఉండిపోయాము. స్టేషను పేరు మాత్రం అలాగే ఉంది. ఈ స్టేషను ఊసు ఎందుకంటే, నేను చెప్పబోయే సంగతిలో సగం ఆ ప్లాట్‌ఫారం మీదనే నడిచింది. నడిచింది అన్న మాట ఇక్కడ వాచ్యార్థమే.

మా అక్కయ్యకు 2023లో డెబ్బై రెండేళ్ళు. నూజివీడు అవతల ఒక పల్లెలో ఆమెకు ఆరెకరాల మామిడి తోట ఉంది. బావగారు పోయిన తరువాత పదకొండేళ్ళుగా దానిని ఒక్కతే చూసుకుంటూ వచ్చింది. చక్కెర వ్యాధి పాతికేళ్ళ నాటిది. ఆ సంవత్సరం దసరా వెళ్ళిన వారానికి కడుపులో ఉబ్బరంగా ఉందంటే స్కానింగు తీయించాము. కాలేయంలో ఎడమ పక్కన మూడు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. తరువాతి పరీక్షలలో అది కాన్సరేనని తేలింది. మద్యం వాసన ఎరుగని, నీచు ముట్టని మనిషికి లివరు కాన్సరేమిటని చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు. హెపటైటిస్ బి, సి వైరసులు, మద్యం మాత్రమే దీనికి దారులని నేనూ అనుకునేవాడిని. చక్కెర వ్యాధి ఉన్నవారికి కాలేయంలో కొవ్వు చేరి, ఏళ్ళ తరబడి మచ్చలు పడి గట్టిపడి, అక్కడా గడ్డ పుట్టవచ్చునని అప్పుడే తెలుసుకున్నాను.

హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. శస్త్రవైద్యుడు ఫిల్ములు వెలుగుకు పెట్టి చూసి, “గడ్డ అనువైన చోట ఉంది, తీయవచ్చు” అన్నారు. నా గుండె తేలికపడింది. ఇంక తేదీ చెబుతారనుకుంటూ ఉండగా ఆయన సహాయకురాలు, నా చివరి బ్యాచి విద్యార్థినుల వయసు ఉంటుందేమో, అక్కయ్యను పక్క గదిలోకి పిలిచింది. చేతులు గుండెకు అడ్డంగా కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమన్నది. ఆ అమ్మాయి చేతిలో స్టాపువాచీ. అక్కయ్య రెండుసార్లు లేచింది. మూడోసారి చెయ్యి దానంతట అదే కుర్చీ చేతి మీదికి వెళ్ళింది. తరువాత పాదాలు రెండూ జోడించి పది సెకన్లు, ఒక పాదం కొంచెం ముందుకు పెట్టి పది సెకన్లు, ఒకదాని వెనుక ఒకటిగా పెట్టి పది సెకన్లు నిలబడమన్నది. మూడవ భంగిమలో అక్కయ్య నాలుగు సెకన్లకే పక్కకు ఒరిగి నా భుజం పట్టుకుంది. ఆ పైన పిడికిలితో నొక్కే పరికరం ఒకటి చేతికిచ్చి మూడుసార్లు నొక్కించి అంకెలు వ్రాసుకున్నది. మా బడిలో డ్రిల్లు మాస్టారు కూడా ఇంతకంటె కష్టమైన పరీక్షలు పెట్టేవారు. కాన్సరు ఆసుపత్రిలో ఇదేమి ఆట అని లోపల విసుక్కున్నాను.

“ఉపవాసాలు ఉంటారా అమ్మా?” అని అడిగింది ఆ డాక్టరమ్మాయి.

“ఏకాదశులు వదలను. సోమవారాలు, కార్తికమాసం నెల్లాళ్ళూ నక్తమే” అన్నది అక్కయ్య, ఆ గదిలో మొదటిసారి నిటారుగా కూర్చుని.

“ఇప్పుడు ఏం తింటున్నారు?”

“లివరు అన్నారు కదమ్మా, ఇరవై రోజులుగా పప్పు మానేశాను, నూనె మానేశాను. చప్పిడి పథ్యం చేస్తున్నాను.”

ఆ అమ్మాయి కలం ఆగిపోయింది. నా ఊపిరి కూడా ఆగింది. ఆమెది ఒక కారణం, నాది వేరొకటి.

చప్పిడి పథ్యం అనగానే నాకు మా లెక్కల మాస్టారు గుర్తుకు వచ్చారు. పేరు వ్రాయను. పద్ధెనిమిదేళ్ళు ఒకే బడిలో పక్క పక్క గదులలో పాఠాలు చెప్పాము. నాకంటె ఆరేళ్ళు పెద్ద. నేను వరూధిని గురించి చెబుతూ స్వరం పెంచితే, గోడ అవతలి నుంచి సుద్దముక్కతో బల్ల మీద కొట్టేవారు, మా వాళ్ళకు త్రికోణమితి వినబడడం లేదని. పదవీ విరమణ తరువాత రోజూ సాయంకాలం మా మేడ మీది గదికి పుస్తకాల కోసం వచ్చేవారు. 2018లో ఆయనకు కాలేయంలో కుడివైపు ఏడు సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. ఎప్పటిదో, ఎవరికీ తెలియని హెపటైటిస్ బి. అప్పటికి ఆయనకు అరవై ఆరు. ఆ వయసుకేముంది, ధైర్యంగా ఆపరేషను చేయించుకోండి అని గట్టిగా చెప్పినవారిలో నేను మొదటివాడిని.

ఆయన అంతకు కొన్ని నెలల ముందు నుంచే మేడ ఎక్కడం మానేశారు. కింద అరుగు మీద కూర్చుని “పంతులుగారూ, ఫలానా పుస్తకం పట్టుకురండి” అనేవారు. నేను దానిని పెద్దరికమనుకున్నాను. చేతి గడియారం మణికట్టు మీద నిలవక మోచేతి వైపు జారుతుండేది. గొలుసు వదులైంది కాబోలు అనుకున్నాను. కాలేయం జబ్బని తెలియగానే ఇంట్లోవారు కామెర్లకు పెట్టినట్లే పథ్యం మొదలుపెట్టారు. ఉప్పు లేదు, నూనె లేదు, పప్పు లేదు, పెరుగు అసలే లేదు. పగలు మజ్జిగ తేటతో ఇంత అన్నం, రాత్రి జావ. ఎవరో పసరు కూడా పోశారు. ఆపరేషను తేదీ దొరికే వరకు రెండు నెలలపాటు ఇదే. ఒకనాడు ఆయన నాతో, “పంతులుగారూ, ఈ పథ్యం లెక్క నాకు అర్థం కావడం లేదు. అన్నీ తీసివేతలే, కూడిక ఎక్కడా కనబడదు” అన్నారు.

నేను “లంఘనం పరమౌషధం” అన్నాను. పండితుడు సంస్కృతంలో ఒక మాట అన్నాక లెక్కల మాస్టారు ఏమంటారు? ఊరుకున్నారు.

ఆ మాట జ్వరం తొలిదశకు చెప్పినది. క్షీణించిన మనిషికి లంఘనం కూడదని ఆయుర్వేదమే అంటుంది. అదీ నాకు తెలియనిది కాదు. నోటికి వచ్చిన సామెత అంత తేలికగా జారుతుంది.

ఆపరేషను బాగా జరిగింది. ఇది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే బాగా జరిగింది. కాలేయానికి మళ్ళీ పెరిగే గుణం ఉన్నది. ఆరోగ్యమైనదైతే నాలుగో వంతు మిగిలినా చాలునట, గట్టిపడినదైతే నలభై శాతమైనా ఉండాలట. ఆయనకు ఎంత మిగులుతుందో వైద్యులు ముందే స్కానింగులో కొలిచారు, అంత మిగిల్చారు. కొలవనిది ఆ మనిషిని. మూడవ రోజున ఊపిరితిత్తులలో నెమ్ము చేరింది. దగ్గి తెమడ బయటికి తేవడానికి కావలసిన బలం లేదు. వెంటిలేటరు పెట్టారు. పొట్టలో నీరు చేరింది. ముప్ఫై నాలుగు రోజుల తరువాత అంబులెన్సులో ఇంటికి వచ్చారు, మంచం మీదికి. మళ్ళీ లేవలేదు. వీపున పుండ్లు పడ్డాయి. పోవడానికి రెండు వారాల ముందు తీసిన స్కానింగులో కాన్సరు జాడ లేదు, కాలేయం పెరిగింది అని ఉంది. 2019 ఏప్రిల్‌లో పోయారు. ఆసుపత్రివారి తప్పని నేను ఇప్పటికీ అనను. కాగితం మీద ఉన్నవన్నీ వారు చూశారు. మేడ మెట్లు, గడియారం గొలుసు కాగితం మీద ఉండవు. అవి నా ఎదుట ఉన్నవి.

అక్కయ్య విషయంలో శస్త్రవైద్యుడు అయిదు వారాలు వాయిదా వేశారు. కాన్సరును పెట్టుకుని అయిదు వారాలు ఊరికే కూర్చోవడమా అని నేను వాదానికి దిగాను. “ఊరికే కాదండీ. ఈ గడ్డకు అయిదు వారాలు పెద్ద లెక్క కాదు. ఆమె ఇవాళ ఉన్న స్థితిలో కోస్తే మాత్రం లెక్క వేరు” అన్నారాయన. కుర్చీ, నిలకడ, పిడికిలి, ఈ మూడు పరీక్షలను కలిపి కొలమానంగా కూర్చినది శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ లాయి బృందమట. 2017లో, కాలేయమార్పిడి కోసం ఎదురుచూస్తున్న రోగుల కోసం తయారుచేశారు. ఇప్పుడు ఇతర కాలేయ రోగులకూ వాడుతున్నారు.

ఇంటికి వచ్చాక మా అబ్బాయి సాయంతో దీని గురించి చదివాను. ఆంగ్లంలో ఫ్రెయిల్టీ అంటున్నారు. అది వయసు కాదు, జబ్బు కూడా కాదు. లిండా ఫ్రీడ్ అనే అమెరికా వైద్యురాలు, ఆమె సహచరులు 65 ఏళ్ళు దాటిన 5,317 మందిని గమనించి 2001లో అయిదు గుర్తులు చెప్పారు: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉండడం, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, కదలికలు తగ్గిపోవడం. మూడు ఉంటే ఆ మనిషి ఫ్రెయిల్. లెక్కల మాస్టారికి నేను వ్రేళ్ళ మీద లెక్కపెట్టాను. అయిదూ ఉన్నాయి.

జపానువారిది ఇంకా నచ్చింది, బహుశా ప్రశ్నపత్రం కావడం వలన. ప్రభుత్వమే వృద్ధుల కోసం ఇరవై అయిదు ప్రశ్నల పట్టిక చేసింది. బస్సులోనో రైలులోనో ఒంటరిగా ప్రయాణం చేస్తున్నారా? పిట్టగోడ పట్టుకోకుండా మెట్లు ఎక్కుతున్నారా? గడచిన ఏడాదిలో పడిపోయారా? ఇలా అన్నీ అవును, కాదు ప్రశ్నలే. అక్కడ 65 దాటి కాలేయం కోయించుకున్నవారికి ముందుగా ఈ పట్టిక ఇచ్చి చూశారు. ఆ పరిశీలన 2018లో వెలువడింది. పట్టికలో వెనుకబడినవారికే ఆపరేషను తరువాత మతి భ్రమించడం, గుండె, ఊపిరితిత్తుల చిక్కులు, ఇంకొకరి మీద ఆధారపడవలసి రావడం ఎక్కువగా కనిపించాయట. మా మాస్టారిని ఆ మెట్ల ప్రశ్న ఒక్కటి అడిగి ఉంటే!

ఫ్రెయిల్టీకి తెలుగులో ఏమనాలి? వృత్తిదోషం, ఇలాంటివి పట్టుకుంటే నాకు నిద్ర పట్టదు. దౌర్బల్యం, క్షీణత అంటే జబ్బు పేరులా ఉంది. నీరసం రెండు రోజులలో పోయేది. చివరికి మా ఇంటావిడ అక్కయ్యను “ఓపికుందా వదినా, నాలుగడుగులు వేద్దామా?” అని అడుగుతుంటే దొరికింది. ఓపు అంటే భరించు, తాళు, చేయగలుగు. ఓపిక అంటే ఒంట్లో శక్తీ అదే, మనసులోని సహనమూ అదే. ఒకే మాటలో రెండూ పెట్టిన మనవారు ఊరికే పెట్టలేదు. కోతను, మత్తును, నెత్తురు పోవడాన్ని, పడకను తట్టుకుని మళ్ళీ లేచే నిలవ సొమ్ము ఒంట్లో ఎంత ఉన్నదన్నదే కదా ఆ కుర్చీ పరీక్ష. ఆంగ్లంలో రోగిని పేషెంటు అనడమూ ఇలాంటిదే, ఆ లాటిన్ మూలానికి భరించడం అని అర్థం. అన్నట్లు అమరకోశంలో కాలేయానికి యకృత్తుతో పాటు కాలఖండమనే పేరు కూడా ఉంది. నల్లని ముక్క అని తాత్పర్యం. కాలపు ముక్క అని కూడా చదువుకోవచ్చునని ఆ రోజులలో అనిపించేది.

తిండి సంగతి చెప్పాలి. గట్టిపడిన కాలేయం రాత్రికి కావలసిన శక్తిని దాచుకోలేదు. అందువలన మనకు ఒక రాత్రి పస్తు అయితే వారికి రెండు మూడు రోజుల పస్తుతో సమానం. అప్పుడు శరీరం తన కండను తానే కరిగించుకుంటుంది. కాలేయం చేయలేని పనిలో కొంత, ముఖ్యంగా రక్తంలోని అమ్మోనియాను తగ్గించే పని, కండ చేస్తుంది. ఆ కండనే మనం పథ్యం పేరిట పోగొడుతున్నాము. యాభై రెండు కిలోల అక్కయ్యకు రోజుకు అరవై నుంచి డెబ్బై అయిదు గ్రాముల మాంసకృత్తులు కావాలన్నారు. గుడ్డు ముట్టదు. కనుక పెసరట్టు, మినపరొట్టె, ముద్దపప్పు, పెరుగు, వేయించిన వేరుశనగలు, డాక్టరు వ్రాసిన పొడి, పడుకునే ముందు తప్పనిసరిగా పాలూ ఒక రొట్టె.

ఆ అయిదు వారాలూ సరిగ్గా కార్తికంలో పడ్డాయి.

మొదటి సోమవారం ఉదయం పెసరట్టు పళ్ళెం ముందు పెడితే పక్కకు నెట్టేసింది. రోగులకూ వృద్ధులకూ ఉపవాస నియమం లేదని ధర్మశాస్త్రమే సడలింపు ఇచ్చిందని, ఇది ఆపద్ధర్మమని నేను ఉపన్యాసం అందుకున్నాను. అక్కయ్య అంతా విన్నది.

“ఒరేయ్, లెక్కల మాస్టారికి లంఘనం పరమౌషధం అని చెప్పింది నువ్వే కదా? నాకేమో తినడమే ఔషధం అంటున్నావు. ఏదిరా శాస్త్రం?”

ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో ఏ తనిఖీ అధికారి ముందూ నేను అలా నిలబడలేదు. “అప్పుడు తెలియక అన్నానక్కా” అన్నాను. ఆమె నా ముఖంలోకి కొంతసేపు చూసి, పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఆ నెలంతా దీపం పెట్టింది, ఒక్క పూట కూడా పస్తు ఉండలేదు.

నడకకు స్టేషనును ఎంచుకున్నది నేనే. రోడ్డు మీద లారీలు, జంక్షనులో జనం. ప్లాట్‌ఫారం చదునుగా ఉంటుంది, బెంచీలుంటాయి, నీడ ఉంటుంది. రోజూ రెండు ప్లాట్‌ఫారం టికెట్లు కొనేవాడిని. మూడవ వారానికి బుకింగులో అబ్బాయి మమ్మల్ని చూడగానే నవ్వి ముందే తీసిపెట్టేవాడు. మొదటి రోజు అక్కయ్య రెండవ బెంచీ దగ్గరనే కూర్చుండిపోయింది. ఆగకుండా దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్సు వస్తే దాని గాలికే తూలేట్లుండేది. నాలుగవ వారానికి ఆ చివరి నుంచి ఈ చివరికి మూడుసార్లు తిరిగి, బెంచీ మీద కూర్చుని, చేతులు కట్టుకుని, లేచి కూర్చునే లెక్క మొదలుపెట్టేది. చూసేవారు నవ్వుకునేవారు. నేనూ పక్కన కూర్చుని చేశాను. నాకు అరవై అయిదు, నాలుగవసారికే మోకాళ్ళు మొరాయించాయి. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాత్రం రెండు రోజులు వసారాలోనే తిరిగింది.

ఇంగ్లండులో లివర్‌పూల్ వైద్యులు కాలేయ శస్త్రచికిత్సకు ముందు రోగులచేత నాలుగు వారాలు సైకిలు తొక్కించి 2016లో ఫలితాలు ప్రకటించారట. ఆ ఊరి పేరులోనే లివర్ ఉన్నదని సంబరపడ్డాను. ఆ మాటకూ ఈ మాటకూ చుట్టరికం లేదని మా అబ్బాయి గాలి తీసేశాడు. వారి ఒంటి సామర్థ్యం పెరిగినట్లు కొలతలలో తేలింది. ఆపరేషను తరువాతి చిక్కులు తగ్గుతాయా అన్నది తేల్చడానికి ముప్ఫై ఎనిమిది మంది చాలరు. అంతకంటె ఎక్కువ చెప్పడం అతిశయోక్తి అవుతుంది.

అక్కయ్య మళ్ళీ ఆ గదిలో కుర్చీలోంచి అయిదుసార్లు లేచింది. ఆరోసారి కూడా లేవబోతే డాక్టరమ్మాయి ఆపింది. డిసెంబరు మూడవ వారంలో చిన్న రంధ్రాల ద్వారానే గడ్డ ఉన్న భాగాన్ని తీశారు. మరునాడే గొట్టాలతో సహా నిలబెట్టారు. మూడవ నాటి రాత్రి మతి తప్పి నన్ను నాన్నగారనుకున్నది. తోటలో కోతులు పడ్డాయని, తోలి రమ్మని నర్సులను బతిమాలింది. తెల్లవారేసరికి సర్దుకుంది. ఆ రాత్రి నేను మాత్రం మాస్టారి వెంటిలేటరు చప్పుడే వింటూ కూర్చున్నాను. తొమ్మిదవ రోజున ఇంటికి వచ్చాము.

అంతా సుఖాంతమని వ్రాయను. తోట కాపు గుత్తకు ఇచ్చేసింది. ఒంటరిగా బస్సు ఎక్కడం లేదు. గట్టిపడిన కాలేయంలో ఈ గడ్డ అయిదేళ్ళలో సగం మందికి పైగా తిరిగి వస్తుందంటారు; 2024 నవంబరులో ఆమెకూ ఇంకొక చుక్క కనిపించింది. ఈసారి కోయలేదు, సూది పంపి వేడితో కాల్చారు. మూడు నెలలకొకసారి పరీక్షలు. ఆ తేదీ దగ్గరపడిన వారంలో ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడము.

ఏటా వేసవిలో అక్కయ్య తోట నుంచి వచ్చిన చిన్నరసాలు ఒక బుట్ట లెక్కల మాస్టారి ఇంటికి ఇచ్చి రావడం నాకు అలవాటు. 2025 మే నెలలో కూడా వెళ్ళాను. ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అక్కయ్య కులాసా అడిగారు.

“పథ్యం ఏం పెడుతున్నారు పంతులుగారూ?”

“ఏదో, మామూలేనండి వదినగారూ” అన్నాను.

ఆమె మామిడిపళ్ళను ఒక్కొక్కటిగా తీసి గోనెసంచి మీద పేరుస్తూ అన్నారు: “ఆపరేషనుకు ముందు ఆయన రాత్రిళ్ళు లేచి కూర్చునేవారు. ఆకలేస్తోంది, కాస్త పెరుగన్నం పెట్టవే అనేవారు. నేను పెట్టలేదు. మీరు కూడా చెప్పారు కదా అని గట్టిగా నిలబడ్డాను. అంత పథ్యం చేయించబట్టే ఆ నాలుగు నెలలైనా మాకు మిగిలారు. కాదూ?”

చెబుదామనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నా తప్పు ఒప్పుకోవాలంటే ఆమె చేత కూడా ఒప్పించవలసి వస్తుంది.

“అవునండి” అన్నాను.

ఖాళీ బుట్ట తిరిగి ఇవ్వకూడదని, పెరట్లో నుంచి నాలుగు నిమ్మకాయలు కోసుకొచ్చి అందులో వేసి ఇచ్చారు.